చర్చి ముందరి ఎర్ర బోరింగు

మా ఆఫీసు వాళ్ళు పోయిన ఏడాది ఒక సంచిక వేశారు. రిటైరైన వాళ్ళందరినీ అడిగి, ఉద్యోగ జ్ఞాపకాలు రాయించి, ఫొటోలతో సహా అచ్చేశారు. జీపు డ్రైవరును అడిగారు. ల్యాబులో సీసాలు కడిగిన ఆమెను అడిగారు, అది మంచిదే. సర్వీసంతా ఇతరుల సెలవు చీటీలు లెక్కపెట్టిన గుమాస్తాను కూడా అడిగారు; ఆయన తన తీర్థయాత్ర గురించి రెండు పేజీలు రాశాడు. నన్ను అడగలేదు. నా ఫోన్ నంబరు మారలేదు. కడపలో అదే వీధిలో, అదే ఇంట్లో ఉన్నాను. ఎందుకు అడగలేదో నాకు తెలుసు. అడిగితే ఏం రాస్తానో వాళ్ళకూ తెలుసు. అదే ఇప్పుడు రాస్తున్నాను.

నేను పనిచేసింది తాగునీటిని పరీక్షించే ల్యాబులో. దాని పేరు రాయను, అందులో వాళ్ళ పేర్లూ రాయను. పాత కర్నూలు, కడప జిల్లాల ఊళ్ళలోని బోరింగుల నీళ్ళు సీసాల్లో పట్టుకొచ్చి, ఫ్లోరైడ్ ఎంతుందో చూసి చెప్పడం మా పని. అది ఎక్కువైతే పిల్లల పళ్ళు గారపడతాయి, ఎముకలు వంగిపోతాయి. నేను డేటా సెక్షన్‌లో ఉండేవాణ్ణి. కంప్యూటర్ పనుల్లో కొత్తగా చేరుతున్న పిల్లలు ఇది చదువుతారని నా ఆశ. వాళ్ళ కోసం పని వివరం కొంచెం చెప్పాలి. తక్కినవాళ్ళు ఓర్చుకోండి.

జీపు ఒక దారిన పోయి ఆ దారిలోని ఊళ్ళ సీసాలు ఒక క్రేటులో తెచ్చేది. క్రేటులో సీసా ఎన్నో గడిలో ఉంటే అదే దాని నంబరు. అన్ని క్రేట్లకూ గడులు ఒకటే లెక్క. యంత్రం చదివిన అంకెలను మేము రాజధానిలోని పెద్ద కంప్యూటరుకు పంపేవాళ్ళం. అది క్రేట్లను వరసలో పెట్టుకుని, వీలు చూసుకుని, ఒక్కో క్రేటు లెక్క మొత్తంగా తేల్చేది. దాన్నే బ్యాచ్ జాబ్ అంటారు. లెక్క తేలాక ఫలితాలను మేము డౌన్‌లోడ్ చేసుకోవాలి. ఆ ఫలితంలో సీసా నంబరు, దాని ఎదురుగా రంగు ఉండేవి. ఫలితం రంగుల సెక్షన్‌కు పోతే, వాళ్ళు ఊరికి పోయి బోరింగు మూతికి ఆ రంగు పూసి, పక్కన ఆఫీసు ముద్ర వేసి వచ్చేవారు. నీలమైతే తాగొచ్చు. ఎరుపైతే బట్టలు ఉతుక్కోవచ్చు, గొడ్లు కడుక్కోవచ్చు, నోట్లో పోసుకోకూడదు.

ఫలితంలో క్రేటు నంబరు కూడా లోపలే ఉండేట్టు చేయమని నేను రాజధానికి రాశాను. జవాబు రాలేదు. మళ్ళీ రాశాను. రాలేదు. ఇది గుర్తుపెట్టుకోండి.

పాత ప్రోగ్రాము ఒక క్రేటు దించుకున్నాక ఇంకొకటి దించుకునేది. అంతవరకు తెర కదిలేది కాదు. నేను ఆ సమయంలో టీ తాగి వచ్చేవాణ్ణి. మాకు పైన ఉన్న పెద్దసారు అలా కూర్చోలేడు. ఆయన వేరే ప్రాంతం నుంచి బదిలీ మీద వచ్చిన మనిషి. తెర కదలకపోతే ఎవరో తనను లెక్కచేయడం లేదన్నట్టు చూసేవాడు. బటన్ మీద మళ్ళీ మళ్ళీ నొక్కేవాడు. లిఫ్టు దగ్గరా అంతే, ఇంటి కాలింగ్ బెల్లు దగ్గరా అంతే అని డ్రైవరు చెప్పేవాడు.

ఆయన తొందర భరించలేక కాంట్రాక్టు మీద ఒక ప్రోగ్రామరును తీసుకున్నారు. కడప అమ్మాయే, దర్గా దగ్గర ఇల్లు. తండ్రి బండలు పాలిష్ చేసే మిల్లులో మేస్త్రీ. పని బాగా తెలిసిన పిల్ల. ఫలితాలు వెనక నుంచి దిగుతుంటే ముందు తెర మామూలుగా పనిచేసేట్టు రాసింది. వాటిని బ్యాక్‌గ్రౌండ్ థ్రెడ్లు అంటారు. నేను అర్థం చేసుకున్నది ఇది: మునుపు ఒక్కడే మనతో మాట్లాడుతూ, మూటలూ మోసేవాడు. ఇప్పుడు ఒకడు ముందర మనతో మాట్లాడుతుంటాడు, నలుగురు వెనక దారిలో మూటలు మోసుకొస్తుంటారు. మోసుకొచ్చినవాడు గుమ్మం దగ్గరున్న పలక మీద తన క్రేటు నంబరు రాస్తాడు. లోపల సర్దేవాడు ఆ పలక చూసి మూటను ఆ నంబరు అరలో పెడతాడు.

పలక ఒక్కటే. మోసేవాళ్ళు నలుగురు. ఇద్దరు ఒకేసారి గుమ్మంలో పడితే, ఒకడు రాసింది ఇంకొకడు చెరిపి రాస్తాడు. అప్పుడు ఈ మూట ఆ అరలోకి, ఆ మూట ఈ అరలోకి పోవచ్చు. ఆ పిల్లకు ఇది తెలుసు. అందుకే గుమ్మానికి గడియ పెట్టింది. ఒకడు పలక రాసి మూట సర్దించుకునే దాకా తక్కినవాళ్ళు బయట ఆగాలి. అంతా దిగేవరకు బటన్ బూడిదరంగులో ఉండి నొక్కినా పలకదు. మధ్యలో తెర మీది ప్రోగ్రాము కిటికీ మూసినా, మోసేవాళ్ళు వచ్చేదాకా ఆగి అప్పుడు మూతపడుతుంది. ఎంత ఒద్దికగా రాసిందో.

అది పెద్దసారుకు నచ్చలేదు. బటన్ పలకడం లేదు, కిటికీ వెంటనే మూతపడడం లేదు, మధ్యమధ్య ఆగుతోంది, పాతదానికీ దీనికీ తేడా ఏముంది అని మీటింగు పెట్టాడు. పై అధికారి వచ్చి చూడబోతున్నాడు. ఆ మీటింగులో అందరికీ టీ వచ్చింది. నాకు రాలేదు. తలుపు పక్కన కుర్చీ వేశారు, టీ పళ్ళెం నా దాకా వచ్చి వెనక్కి పోయింది. చిన్న విషయం అంటారు. అనండి.

నేను లేచి చెప్పాను. గడియ తీయాలంటే ముందు పలక తీసేయండి, ఎవడి మూటకు వాడే చీటీ కట్టుకుని రావాలి, అప్పుడు ఎవరూ ఎవరికోసం ఆగనక్కర్లేదు అన్నాను. ఆ పిల్ల వెంటనే, అవును సార్, అలా మార్చొచ్చు, రెండు మూడు రోజులు పడుతుంది అంది. పెద్దసారు నావైపు చూడకుండా, "ఆయన్ని డేటా ఎంట్రీ చూసుకోమనండి" అని ఎవరితోనో అన్నాడు. నవ్వారు. ఎవరెవరు నవ్వారో నాకు ఇప్పటికీ గుర్తుంది. రెండు మూడు రోజులు లేవు, అధికారి వచ్చేస్తున్నాడు, గడియ తీసేయమని ఆ పిల్లకు చెప్పాడు. బటన్ ఎప్పుడూ పలకాలన్నాడు. ఆమె తీసేసింది. పలక మాత్రం అలాగే ఉండిపోయింది.

అధికారి వచ్చిన రోజు పెద్దసారు స్వయంగా కూర్చున్నాడు. బటన్ నొక్కాడు. తెర మీద గీత కదలడానికి ఒక్క క్షణం ఆలస్యమైంది. మళ్ళీ నొక్కాడు. నలుగురు మోసేచోట ఎనిమిదిమంది పడ్డారు. తెర మాత్రం నున్నగా కదిలింది. ఫలితాలన్నీ దిగాయి. చప్పట్లు కొట్టారు. నేను తలుపు పక్క నుంచి చూస్తూనే ఉన్నాను. అధికారి లేవగానే పెద్దసారు దగ్గరికి పోయి, "రెండుసార్లు నొక్కినారు సార్, ఒకసారి సరిచూడాల" అన్నాను. ఆయన నా భుజం మీద చెయ్యి వేసి నన్ను పక్కకు జరిపి, అధికారిని కారు దాకా సాగనంపడానికి పోయాడు. ఆ ఫలితాలు అలాగే రంగుల సెక్షన్‌కు పోయాయి.

ఎండలు ముదిరాక ఒకాయన మా ఆఫీసుకు వచ్చాడు. తెల్ల చొక్కా, పంచె, చేతిలో నీళ్ళున్న ప్లాస్టిక్ సీసా. కోయిలకుంట్ల అవతల ఒక చిన్న పల్లె ఆయనది. అంతా క్రైస్తవ కుటుంబాలు, కూలి పనులు, కొద్దిపాటి శనగ చేలు. అక్కడి చర్చికి ఆయన పెద్ద. చర్చి ముందర పాత బావి ఉండేదట. తాతల కాలం నుంచి ఆ నీళ్ళే. బావి ఎండిపోతే అందులోనే బోరు దించి బోరింగు పెట్టించుకున్నారు. పల్లె పక్కన పారే వంక అవతల పెద్ద ఊరు ఉంది. ఆ ఊరి బోరింగు దగ్గరికి వీళ్ళను ఒకప్పుడు రానిచ్చేవారు కాదు. అందుకే చర్చి ముందర బోరింగు వాళ్ళకు నీళ్ళకంటే ఎక్కువ. దాని మూతికి మా వాళ్ళు ఎర్ర రంగు పూసి వచ్చారు.

"మా నీళ్ళు మళ్ళా చూడండి సార్" అన్నాడు. "యా జబ్బుండాదో చెప్పండి."

నేను తెర మీద చూసి, ఫ్లోరైడ్ శానా ఎక్కువుంది పెద్దాయనా అని చెప్పాను.

ఆయన కూర్చోలేదు. "వంకవతల ఊళ్ళో పిల్లోళ్ళ పండ్లు చూసినారా సార్ మీరు? తుప్పుబట్టిన రేకు మాదిరి ఉంటాయి. వాళ్ళ బోరింగుకు నీలం పూసినారు. మా పిల్లోళ్ళ పండ్లు చూడండి, జొన్న గింజలు మాదిరి ఉంటాయి. మాకు ఎరుపు పూసినారు. ఇదేం లెక్క సార్?"

"యంత్రం చెప్పిన లెక్కప్పా."

"యంత్రం మా ఊరికొచ్చిందా? వచ్చింటే పండ్లు చూసిపోయేది కదా."

ఎరుపు పూశాక తన పల్లె ఆడవాళ్ళు కడవలు ఎత్తుకుని వంక దాటి పెద్ద ఊరికి పోతున్నారట. పొద్దున పోతే ఆ ఊరివాళ్ళు పట్టుకునే దాకా దూరంగా నిలబడాలి. అందుకని ఎవరూ లేని మధ్యాహ్నం ఎండలో పోతున్నారు. "మీ బోరింగు ఎర్రమూతి అయిపాయ, మళ్ళా మా కాడికే రావాల్సొచ్చె కదా" అని ఆ ఊరివాళ్ళు ఎగతాళి చేస్తున్నారట. ఇది చెప్పేటప్పుడు మాత్రం ఆయన నా ముఖం చూడలేదు, సీసానే చూశాడు.

ల్యాబులో నీళ్ళు పరీక్షించే ఆమెను బతిమాలితే ఆయన సీసా అప్పుడే పరీక్ష చేసింది. బయటికి వచ్చి, "బాగుండాయి. మా ఇంటి నీళ్ళకంటే ఇవే నయం" అంది.

నాకు ఆ బటన్ గుర్తొచ్చింది. ప్రోగ్రామరు పిల్లను పిలిచి, ఆ రోజు దించిన క్రేట్లనే మళ్ళీ దించమన్నాను. ఒకసారి నొక్కింది, అంతా సరిగానే వచ్చింది. సరిగా అంటే, చర్చి బోరింగు నీలం అని వచ్చింది. పెద్దసారు మాదిరి రెండుసార్లు నొక్కమన్నాను. నాలుగైదు సార్లు అలా నొక్కినా ఏమీ కాలేదు. ఈ జబ్బు దరిద్రం అదే, మనం వెతికేటప్పుడు దాక్కుంటుంది. ఆ తర్వాత ఒకసారి నొక్కితే రెండు క్రేట్లు అరలు మారి కూర్చున్నాయి. దాని ఫలితం దీనికి, దీని ఫలితం దానికి. గడులు ఒకటే లెక్క కాబట్టి ఎక్కడా వెలితి లేదు, మిగులు లేదు. చూసేవాడికి అనుమానం రాదు. పెద్దసారు నొక్కిన రోజు ఫలితాలను సరైనవాటితో పోల్చి చూస్తే, అప్పుడు మారినవీ రెండు క్రేట్లే, రెండూ ఒకే మండలానివి. చర్చి బోరింగు ఒకదాంట్లో ఉంది, వంక అవతలి ఊరి బోరింగు ఇంకొకదాంట్లో ఉంది. అంటే ఆ పల్లె ఆడవాళ్ళు మంచినీళ్ళు ఇంటి ముందర వదిలేసి, ఎండలో పోయి, మాటలు పడి, చెడ్డ నీళ్ళు మోసుకొస్తున్నారు. పెద్ద ఊరివాళ్ళు తాగేదీ అవే.

ఆ పిల్ల ఆ రెండు క్రేట్ల నంబర్లు కాగితం మీద రాసుకుంది. తర్వాత, "నేను లాక్ పెట్టింటి సార్. తీయమన్నారు, తీసేస్తి" అంది.

"నాకు తెలుసమ్మా."

"మీకు తెలిస్తే ఏమొస్తుంది సార్."

ఆ మాట ఇప్పటికీ గుచ్చుతుంది. నిజమే కాబట్టి.

ఇద్దరం పెద్దసారు గదికి పోయాం. ఆయన విన్నాడు. తప్పు జరిగిందని ఒప్పుకోవడానికి ఆయనకు ఎక్కువసేపు పట్టలేదు, నిజం చెప్పాలి. సిస్టమ్‌లో సరిచేయండి, జనం చూసే మన వెబ్‌సైటులో మార్చండి, పలక సంగతి చూడండి అన్నాడు. బయట ఎవరికీ చెప్పాల్సిన పని లేదన్నాడు. రంగు మార్చేది మరి అంటే, రంగు మన సెక్షన్ కాదన్నాడు. రంగుల సెక్షన్‌కు పోతే, ఈ ఏటి పూత పని ముగిసింది, కొత్తగా ఆర్డరు వస్తే గాని మనిషి కదలడని చెప్పారు. మళ్ళీ పెద్దసారు దగ్గరికి వచ్చాను. వాళ్ళకు ఎవరు చెప్తారు సార్ అని అడిగాను. ఫోన్ చూసుకున్నాడు. రెండోసారి అడిగాను.

"మీకింకా ఎంత సర్వీసుంది?" అన్నాడు.

నేను బయటికి వచ్చేశాను. వరండాలో చర్చి పెద్ద ఇంకా కూర్చునే ఉన్నాడు. నీళ్ళు మంచివే, తాగండి, పొరపాటు మాదే అని చెప్పాను. ఆయన తల ఊపి సీసా తీసుకుని బస్సుకు పోయాడు.

ఆ పిల్ల ఆ వారంలోనే పలక తీసేసి, మూటకు చీటీ కట్టే పద్ధతి రాసింది. పిల్లలూ, మీకు చెప్పాలనుకున్నది ఇదే. వెనక పనిచేసే చేతులు ఎన్నైనా పెట్టుకోండి, అందరూ కలిసి రాసే పలక మాత్రం పెట్టకండి. ఎవడి మూట పేరు వాడి దగ్గరే ఉండాలి. తెచ్చిన మూటను ముందు పక్కన దించి, విప్పి, అంతా వచ్చిందో లేదో, అది నిజంగా ఆ క్రేటుదో కాదో చూసి, అప్పుడు అరలో పెట్టండి. అరలో సర్దే చెయ్యి ఒక్కటే ఉండాలి. మోసేవాళ్ళు ఇంకా దారిలో ఉండగా కిటికీ మూయకండి. నడుస్తున్న పనికి బటన్ మళ్ళీ పలకకూడదు. పైవాడికి విసుగొస్తే రానివ్వండి. ఆయన విసుగు ఒక నిమిషం. దాని ఫలితం ఎండలో కడవ మోసేవాళ్ళది.

ఇంత చక్కగా రాసినందుకు ఆ పిల్ల కాంట్రాక్టు పొడిగించలేదు. సాఫ్ట్‌వేర్‌లో లోపం అని కారణం చెప్పారు. తీసేయమన్నది ఎవరో ఎక్కడా చెప్పలేదు. పెద్దసారుకు మంచి చోటుకు బదిలీ అయింది. నా రిటైర్మెంటు సభలో ఆయన తర్వాత వచ్చినాయన శాలువా కప్పి, వయసు మీద పడినా నేను కంప్యూటర్ నేర్చుకున్నానని మెచ్చుకున్నాడు. ఆ రోజు టీ ఇచ్చారు.

చర్చి పెద్ద నుంచి ఫోన్ వచ్చింది. "సైటులో మాది నీలమంట సార్. బోరింగు మూతి ఎర్రగానే ఉండాది." అంగన్‌వాడీ ఆయా ఎర్ర రంగు నీళ్ళతో వంట చేయనంటోందట, ఆమె తప్పేముంది, అలా చెప్పింది మేమే. తాగండని ఆయన చెప్తే పల్లెలో సగంమంది విన్నారు, సగంమంది ఇంకా వంక దాటుతున్నారు. వంక అవతలి ఊరి సర్పంచికి నేనే ఫోన్ చేశాను. మీ నీళ్ళు మంచివి కావు, పిల్లలకు పోయకండి అన్నాను. "ఏమప్పా, నీలం పూసింది మీరే కదా. ఎర్రమూతోళ్ళు చెప్పిస్తాండారా నీతో?" అని పెట్టేశాడు.

సమాచార హక్కు కింద అర్జీ పెట్టాను. అడిగిన సమాచారం ఈ కార్యాలయంలో లేదని వచ్చింది. పైకి రాశాను. కిందికి పంపామన్నారు. కింద అడిగితే పైనుంచి రాలేదన్నారు. ఆ పిల్లకు ఫోన్ చేశాను. ఇప్పుడు వేరే ఊళ్ళో కంపెనీలో పనిచేస్తోంది. నువ్వొక మాట రాసివ్వమ్మా, గడియ తీయమన్నది ఎవరో, అన్నాను. "వదిలేయండి సార్. నేను వదిలేసినా. మీరెందుకు పట్టుకోని యాలాడుతాండారు?" అంది. ఆమెకు కోపం రాలేదు, అలసట వచ్చింది. ఆ అలసటకు నాకు కోపం వచ్చింది.

చివరికి ఒకరోజు నేనే నీలం రంగు డబ్బా, బ్రష్షు కొనుక్కుని బస్సెక్కాను. కోయిలకుంట్లలో దిగి ఆటోలో ఆ పల్లెకు పోయాను. చర్చి చిన్నదే, పాతది, ముందర నాపరాళ్ళు పరిచారు. బోరింగు మూతి ఎర్రగా, నోరు మండినట్టు ఉంది. నన్ను చూసి ఇద్దరు ముగ్గురు ఆడవాళ్ళు వచ్చి నిలబడ్డారు. చర్చి పెద్ద కుర్చీ వేసి, ఆ బోరింగు నీళ్ళే తెచ్చి ఇచ్చాడు. తాగాను. తియ్యగా ఉన్నాయి. డబ్బా మూత తీయబోతుంటే ఆయన నా చెయ్యి పట్టుకున్నాడు.

"వద్దు సార్."

"ఎందుకప్పా? తప్పు మాది. నేను పూస్తా."

"నువ్వు పూస్తే ఉత్త రంగు సార్. వంకవతలోళ్ళు ఏమంటారు? రాత్రికి రాత్రి వీళ్ళే పూసుకున్నారంటారు. ఎర్రది పూసిపోయింది ఆఫీసు. జీపులో వచ్చినారు, నలుగురు చూస్తాండంగ పూసినారు, ముద్ర ఏసిపోయినారు. నీలం కూడా అట్లనే పూయాల."

వెనక నుంచి ఒకామె, "మేం దొంగతనంగా నీళ్ళు తాగల్నా?" అంది. నాతో కాదు, పక్కామెతో.

నేను డబ్బా ఎత్తుకుని వచ్చేశాను.

ఈ మాటలన్నీ సంచికలో అచ్చయ్యేవి కావని నాకు తెలుసు. అయినా ఇది చదివేవాళ్ళలో మా ఆఫీసువాళ్ళు ఉంటారు, నవ్వినవాళ్ళు ఉంటారు, ఇప్పుడు ఆ కుర్చీలో కూర్చున్నాయన ఉంటాడు. నాకు శాలువా వద్దు, సంచికలో పేజీ వద్దు. ఒక్కదానికి జవాబు చెప్పండి. ఆ బోరింగుకు నీలం పూయడానికి ఎవరు వస్తారు? ఏ రోజు వస్తారు? వచ్చేటప్పుడు పట్టపగలు రండి, ఆఫీసు జీపులోనే రండి, వంక అవతలి ఊరి మీదుగా రండి. అక్కడ ఆగి, ఆ ఊరి బోరింగు నీలం చెరిపి ఎరుపు పూసి, ఎందుకు పూస్తున్నారో ఆ సర్పంచి ముందర చెప్పి, తర్వాత చర్చి దగ్గరికి పోండి. రంగు లేదనకండి. డబ్బా మా ఇంట్లో ఉంది, మూత ఇంకా తీయలేదు. ఎవరొస్తారో చెప్పండి, బస్టాండు దగ్గర నిలబడి ఉంటాను.